గుంత తవ్వే ముందు

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన వాలంటీర్లకు కలిపి జరిగిన శిక్షణ సమావేశంలో ఒక రిటైర్డ్ సైన్స్ టీచరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్కడక్కడా కుదించి రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకొని నిలబడినవాళ్ళు ముందుకు రండప్పా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరుసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమైతే, అడగను. నేను రిటైరై చాలా ఏళ్ళయింది.

ఈ కార్యక్రమం ఏర్పాట్లు చూస్తున్న పిల్లలు ఫోన్ చేసి, "సార్, నర్సరీకి ఎన్ని మొక్కలు చెప్పమంటారు?" అని అడిగారు. ఒక్కటి కూడా వద్దన్నాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత ఆ అమ్మాయి నెమ్మదిగా, "మరి రోజంతా ఏం చేయిస్తాం సార్?" అంది. సరైన ప్రశ్న. నేను ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ అమ్మాయికి జవాబే అనుకోండి.

మన దగ్గర ప్రకృతికి సేవ అనగానే గుంత, మొక్క, ఫోటో. ఈ మూడూ అయిపోతే కార్యక్రమం అయిపోయినట్టే. ఎన్.ఎస్.ఎస్., అంటే కాలేజీ పిల్లల జాతీయ సేవా పథకం, 1969లో మొదలైంది. అప్పట్నుంచి ఈ జిల్లాల్లో కాలేజీ పిల్లలు తవ్విన గుంతలన్నీ కలిపితే ఒక చెరువు అయ్యుండేది. (నవ్వులు) మొక్కలు నాటడం తప్పని నేను అనడం లేదు. బడి ఆవరణలో నాటండి, రోడ్డు పక్కన వేపో కానుగో నాటండి, ఇంటి ముందు నాటండి. నేను మాట్లాడేది ఊరి బయట, గుట్టల మధ్య, ఎవరిదీ కానట్టు పడి ఉండే నేల గురించి. రెవెన్యూ కాగితాల్లో దాన్ని బంజరు అంటారు. మనం బీడు అంటాం.

అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా కురిస్తే కురిసినట్టు, లేకపోతే లేదు. ఇంత తక్కువ వానలో ఈ నేల వేల ఏళ్ళుగా తనకు తగిన పచ్చదనాన్ని తనే తెచ్చుకుంది. గడ్డి, రేగు, కలివి, బలుసు, తంగేడు, అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మ. వేసవిలో చూస్తే ఏమీ లేనట్టు ఉంటుంది. ఒక మంచి వాన పడనివ్వండి, వారంలో నేల రంగు మారుతుంది. ఆ గడ్డిలో గుడ్లు పెట్టే పిట్టలున్నాయి. కౌజు, పూరేడు, తీతువు, ఇవేవీ చెట్టెక్కి గూడు కట్టవు, నేల మీదే పెడతాయి. కృష్ణజింక దట్టమైన అడవిలో బతకదు. దూరం నుంచి శత్రువును చూసి పరిగెత్తాలి దానికి, అందుకు ఎదురుగా ఖాళీ ఉండాలి. నక్క, తోడేలు, కుందేలు, ఉడుము, అన్నీ ఈ ఖాళీలోనివే.

ఆ ఖాళీ చూసి అందరికీ చేతులు దురద పెడతాయి. ఒకరికి లేఔట్ కనిపిస్తుంది, ఒకరికి సోలార్ పలకలు కనిపిస్తాయి, ఒకరికి క్వారీ కనిపిస్తుంది. మనం సేవ చేసేవాళ్ళం కదా, మనకు మొక్కలు కనిపిస్తాయి. అందరూ దాన్ని ఖాళీగానే చూస్తున్నారు, మనతో సహా. గుంత తవ్వితే ముందు పోయేది గడ్డి వేరు. ట్యాంకరుతో నీళ్ళు పోసినన్నాళ్ళు మొక్క ఉంటుంది, ఏప్రిల్‌కు ఎండిపోతుంది. పోనీ, బతికిందే అనుకుందాం. నీడ పడ్డ చోట ఆ గడ్డి రాదు. కాకులకు, గద్దలకు కూర్చోవడానికి కొమ్మ దొరుకుతుంది. కింద నేల మీద గుడ్లు పెట్టిన తీతువు బతుకు ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఇది నా చాదస్తం అనుకునేవాళ్ళ కోసం రోళ్ళపాడు సంగతి చెబుతాను. నందికొట్కూరు దాటాక మిడుతూరు మండలం. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 1988లో అక్కడ 614 హెక్టార్ల గడ్డి నేలను అభయారణ్యంగా ప్రకటించారు. పులి కోసం కాదు, ఏనుగు కోసం కాదు, బట్టమేకపిట్ట కోసం. మీటరు ఎత్తు నిలబడే పిట్ట. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువున్నవి ప్రపంచంలోనే కొద్ది. ఏడాదికి మామూలుగా ఒకే గుడ్డు, అదీ కటిక నేల మీద. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇవి నూటయాభై దాకా మిగిలాయని అంచనా, వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. రోళ్ళపాడులో ఇప్పుడు బట్టమేకపిట్ట లేదు.

ఎందుకు పోయిందంటే ఒకే కారణం చెప్పలేం. చుట్టూ కాలువ నీళ్ళు వచ్చాయి, జొన్న, సజ్జ చేలు పోయి వేరే పంటలు వచ్చాయి. ఈ పిట్ట అభయారణ్యం గీత లోపలే తిరగదు కదా, చేలల్లోకి పోయి పురుగులు, మిడతలు తినేది. కరెంటు తీగలు ఇంకో గండం. దాని కళ్ళు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. బరువైన ఒళ్ళు, గాల్లో చప్పున తప్పుకోలేదు. ఈ తీగల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. మన లాంటివాళ్ళం ఎక్కువ పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది.

గడ్డికి కంచె వేసి కాపాడేసరికి కృష్ణజింకలు పెరిగాయి. పదుల్లో ఉన్నవి వందల్లోకి పోయాయి. రాత్రయితే పక్కన చేలల్లో పడి మేశాయి. రైతుకు కడుపు మండింది. పిట్ట కోసమని చెప్పి జింకల్ని పెంచారు, నా పంట తినిపించారు అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పట్నాల నుంచి బైనాక్యులర్లు మెడలో వేసుకుని మనుషులు వచ్చేవాళ్ళు, పిట్టను చూసేవాళ్ళు, పోయేవాళ్ళు. తిన్న చేను దగ్గర నిలబడి, ఫోటో తీసి, కొలత రాసి, నష్టపరిహారానికి అర్జీ రాసిపెట్టే మనిషి ఎంతమంది ఉన్నారు? అర్జీ రాయడం కూడా వన్యప్రాణి సేవే అని నేనంటాను. అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. దానికి కాగితాలు కావాలి, గడువులు ఉంటాయి, ఆఫీసు చుట్టూ తిరగాలి. మీకు ఫోనులో ఫారం నింపడం క్షణంలో పని, చేలో మనిషికి అది పెద్ద టెన్షన్. మీ ఊరికి పక్కన జింకలో అడవి పందులో తిరుగుతుంటే, మొదటి వాలంటీరు పని ఇదే. ఒక రైతు మనసు మారితే కాపాడినట్టయ్యే నేల ఎంతో, వంద బోర్డులు పాతినా అంత కాపాడలేం.

కడప వైపు పోదాం. లంకమల అడవి తెలుసు కదా, సిద్ధవటం, బద్వేలు మధ్య. కలివికోడి అనే పిట్ట అక్కడిది. ప్రపంచంలో మరెక్కడా లేదు. 1848లో దాన్ని మొదటిసారి శాస్త్రంలోకి ఎక్కించారు. 1900లో మన అనంతపురం వైపు ఒకసారి కనిపించినట్టు రికార్డుంది. తర్వాత ఎనభై ఆరేళ్ళు జాడ లేదు. అంతరించిపోయిందనే రాసేశారు. బొంబాయి నుంచి బి.ఎన్.హెచ్.ఎస్., అంటే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వచ్చి, పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర దాన్ని దొరకబట్టింది ఎవరు? పిట్టలు పట్టుకునే ఒక స్థానికుడు. బొమ్మ చూసి గుర్తుపట్టాడు, రాత్రిపూట టార్చిలైటు పట్టుకుపోయి తెచ్చాడు. పక్షి శాస్త్రవేత్త డాక్టర్ సలీం అలీ అంతటివాడు ఆ కబురు విని పరుగున వచ్చాడు. 1988లో దాని మీద తపాలా బిళ్ళ కూడా వేశారు.

ఆ తర్వాత జరిగిన పని మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు చేయగలిగిన పని అలాంటిదే. కలివికోడి రాత్రి తిరిగే పిట్ట. ముళ్ళ పొదల మధ్య నడుస్తుంది, ఎగరడం తక్కువ. కంటికి దొరకదు. అప్పుడు పరిశోధకులు ఏం చేశారంటే, పొదల మధ్య అయిదేసి మీటర్ల పొడుగున నేల చదును చేసి, జల్లెడ పట్టిన సన్నమట్టి పరిచారు. పొద్దున్నే పోయి ఆ మట్టి మీద అడుగులు చూడటం. ఏ పిట్టది, ఎంత పొడుగు, వేళ్ళు ఎన్ని. మళ్ళీ మట్టి సర్దడం, మళ్ళీ మర్నాడు రావడం. ఆ అడవి పక్క ఊళ్ళవాళ్ళే ఈ పనిలో చేతులు పెట్టారు. చాలా రోజులు ఆ మట్టి మీద కుందేలు, కౌజు, ఊరకుక్క అడుగులు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఇంత విసుగు పుట్టించే పనిలోంచి ఏం తేలిందో చూడండి. కలివికోడికి దట్టమైన పొదలూ పనికిరావు, బొత్తిగా బోడి నేలా పనికిరాదు. నడవడానికి సందు ఉండాలి, దాక్కోవడానికి పొద ఉండాలి. కట్టెలు కొట్టేవాళ్ళు, గొర్రెలు మేకలు తోలేవాళ్ళు మితంగా వాడుకున్నచోటే అలాంటి నేల మిగిలింది. ఎక్కువ నరికితే పోతుంది, ఎవర్నీ రానివ్వకుండా మూసేస్తే పొదలు కమ్ముకుని పోతుంది. రోళ్ళపాడులో కంచె, లంకమలలో పొద, రెండూ ఒకటే చెబుతున్నాయి. ఆ నేలకు ఏం కావాలో తెలియకుండా ప్రేమతో ఏం చేసినా ప్రమాదమే.

పదేళ్ళకు పైగా ఖాయమైన ఆచూకీ లేక, 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప జిల్లాలో దాని కూత రికార్డు చేశారు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఒక భయం కూడా ఉంది. ఇప్పుడు స్పీకర్లు పట్టుకుని, ఆ కూత ప్లే చేసుకుంటూ జనం ఎగబడతారేమోనని. పిట్టకు అది వేరొక పిట్ట వచ్చి తన ఇల్లు ఆక్రమించినట్టు వినిపిస్తుంది. తిండి మానేసి జవాబు చెబుతూ తిరుగుతుంది. దయచేసి ఎవరూ పోవద్దు. గూడు ఎక్కడుందో, పిట్ట ఎక్కడుందో లొకేషన్ గ్రూపుల్లో పెట్టకపోవడం కూడా సేవ కిందికే వస్తుంది.

మరి చేతులకు పని? వస్తున్నా. కంపచెట్టు. సర్కారు తుమ్మ అంటారు కొందరు. ఈ మహాతల్లి మన జిల్లాల్లోకి ఎట్లా వచ్చిందో తెలుసా? 1870లలో, మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు వంటచెరకు కొరత తీరుతుందని జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, కడప జిల్లా కమలాపురంలో చల్లారు. దేశంలో దీని మొదటి అడుగుల్లో ఒకటి మన గడ్డ మీదే పడింది. వాళ్ళు కూడా బీడును పచ్చగా చేద్దామనే అనుకున్నారు. మేకలు, గొడ్లు కాయలు తింటాయి, పేడలో విత్తనం దూరం పోతుంది. వంకల వెంబడి, చెరువు కట్టల మీద, గడ్డి నేలల్లో ఇప్పుడు అదే. దాని కింద గడ్డి మొలవదు.

అయితే కొడవళ్ళు పట్టుకుని పొలోమని పోకండి. పెద్ద చెట్టును మొదలు దగ్గర నరికితే పది పిలకలు వేస్తుంది. వేరుతో తవ్వి తీయాలి, అది యంత్రాల పని, ఖర్చుతో కూడినది. పైగా బొగ్గు కాల్చుకుని, కట్టెలు అమ్ముకుని బతికే కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళతో మాట్లాడకుండా తీసేస్తే గొడవ. మనం చేయగలిగింది చిన్న మొలకల పని. తొలకరి పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు, జానెడు లోపు ఉన్న మొలకను చేత్తో పీకితే వేరుతో వస్తుంది. ఒక నెల ఆలస్యమైతే పార కావాలి, ఏడాది ఆలస్యమైతే జేసీబీ కావాలి. ఇంకా కంప ఎక్కని మంచి గడ్డి మిట్టను ఒకదాన్ని ఎంచుకుని, ఏటా వానల తర్వాత రెండు మూడు ఆదివారాలు మొలకలు పీకితే ఆ మిట్ట అట్లాగే నిలుస్తుంది. ఫోటోలో ఏమీ కనిపించదు. ముందూ గడ్డే, తర్వాతా గడ్డే. (నవ్వులు) పంచాయతీ, గొర్రెల కాపరులు, అది అటవీ భూమి అయితే అటవీ శాఖ, అందరినీ అడిగే మొదలుపెట్టాలి. గొర్రెల కాపరిని తప్పనిసరిగా పిలవండి. ఏ గడ్డి ఎప్పుడు వస్తుంది, తోడేలు ఏ వంకలో పిల్లలు పెడుతుంది, ఏ కుంటలో నీళ్ళు చివరిదాకా ఉంటాయి, మీ బోటనీ రికార్డులో లేనిదంతా ఆయన దగ్గరుంటుంది.

రెండో పని బావులు. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం, కొంచెం ఓపిక పట్టండి. మన జిల్లాలో బోర్లు దిగాక పాత బావులు ఎండిపోయాయి. పూడ్చలేదు, గట్టు కట్టలేదు, చుట్టూ కంప పెరిగి పక్కనే నిలబడినా బావి ఉన్నట్టు తెలియదు. రాత్రిపూట వేరుశనగ చేలోకి వచ్చిన ఎలుగుబంటి, కుక్కలు తరిమితే పరిగెత్తే జింక, నక్క, కుందేలు, అందులో పడతాయి. పడ్డాక పైకి రాలేవు. ఎలుగుబంటి పడితే పేపర్లో వస్తుంది. నక్క పడితే వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. గొర్రెలు పడతాయి, మనుషులు కూడా పడతారు.

చేయాల్సింది ఇది. ముందు మీ ఊరి పొలిమేరలో గట్టు లేని బావులు ఎన్నున్నాయో తిరిగి రాయండి. సర్వే నంబరు, రైతు పేరు, లోతు అంచనా, నీళ్ళున్నాయా లేదా. పగలే పోండి, ఇద్దరికి తక్కువ కాకుండా పోండి, అంచు దగ్గరికి పోవద్దు, మట్టి జారుతుంది. జాబితా అయ్యాక రైతును అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ళ గొడ్లకూ భయమే కదా. రాళ్ళతో నడుము ఎత్తు గోడ కట్టగలిగితే మంచిది. మన దగ్గర రాయికి కరువా? అది కుదరకపోతే కంచె. నీళ్ళున్న బావిలో, రైతు ఒప్పుకుంటే, తాళ్ళతో గట్టిగా కట్టిన పొడుగాటి దుంగను వాలుగా దించినా, పడ్డ చిన్న జంతువుకు పట్టు దొరుకుతుంది. మూత లేని బోరు గొట్టం కనిపిస్తే మాత్రం జాబితాలో రాసి ఊరుకోకండి, ఆ రోజే బండరాయి పెట్టి మూయించండి. అది పసిపిల్లల ప్రాణాల సంగతి.

ఒకవేళ జంతువు పడిందని తెలిసింది. అటవీ శాఖకు ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చేసరికి గంటో రెండు గంటలో పడుతుంది. ఆ గంటలో ఊరంతా బావి చుట్టూ చేరుతుంది. ఈలలు, సెల్ఫీలు, రాళ్ళు. ఎలుగుబంటి కన్నా ఆ గుంపు ప్రమాదం. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు వాళ్ళకు ఇది బాగా తెలుసు, ఎలుగుబంట్లు, చిరుతలు ఊళ్ళలోకి వచ్చే ప్రాంతం. జంతువు బయటపడ్డాక పారిపోవడానికి దారి కావాలి, నాలుగు వైపులా మనుషులుంటే మీద పడుతుంది. వాలంటీరు దగ్గరికి పోయి చూసేవాడు కాదు, జనానికి ఎదురు తిరిగి నిలబడి, వీపు బావి వైపు పెట్టి, మనుషుల్ని వెనక్కి పంపేవాడు. అడవి ఉన్న వైపు ఖాళీగా ఉంచేవాడు. ఊళ్ళో పెద్దమనిషిని, మైకున్న గుడి పూజారినో, మసీదు పెద్దనో ముందే మాట్లాడి పెట్టుకోండి, మీ మాట వినకపోయినా వాళ్ళ మాట వింటారు.

పాముల సంగతి ఒక్క నిమిషం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. మనకు ఎక్కువ ప్రమాదం ఈ నాలుగింటితోనే. వీడియోలు చూసి పాములు పట్టడం నేర్చుకున్న తమ్ముళ్ళు ఇక్కడ ఉంటే, వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టకూడదు, అది అట్లుంచితే ప్రాణం పోతుంది. మీ పని పామును చూస్తూ దూరంగా ఉండి, శిక్షణ ఉన్నవాళ్ళను పిలవడం. కరిచిన మనిషిని నాటువైద్యుడి దగ్గరికి కాక యాంటీవెనం ఉన్న ఆసుపత్రికి పంపడం. గూట్లోంచి పడ్డ పిట్టపిల్ల సంగతి కూడా ఇలాంటిదే. ఈకలు వచ్చి గెంతుతూ ఉంటే దాని అమ్మ పక్కనే ఉంటుంది, ఇంటికి తెచ్చి పాలన్నం పెట్టకండి. పిల్లీ కుక్కా రాకుండా చూసి, ఎత్తైన కొమ్మ మీద పెట్టి వచ్చేయండి. ఇక శ్రీశైలం ఘాట్ రోడ్డులో కోతులకు అరటిపళ్ళు పెట్టేవాళ్ళకు పుణ్యం రాదు. మూతి పళ్ళు బయటపెట్టి మన సంచి లాక్కునే కోతిని తయారు చేసింది ఆ అరటిపళ్ళే.

చెరువుల గురించి చెప్పకపోతే ఈ సీమ గురించి చెప్పినట్టే కాదు. పోరుమామిళ్ళ చెరువు 1369 నాటిది. దాని శాసనంలో వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేస్తే ఆ చెరువు అయిందని ఉంది. మంచి చెరువుకు ఏమేం ఉండాలి, ఏ దోషాలు ఉండకూడదు అని కూడా చెక్కించారు. తర్వాత ఆ కట్టలు నిలబెట్టినవాళ్ళకు దశబంధం ఇనాములు, అంటే మాన్యం భూములు, ఉండేవి, నీళ్ళు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. అంటే ఊరి చెరువును ఊరే చూసుకోవడం మనకు కొత్త కాదు. ఈ మధ్య చెరువు బాగుచేయడం అంటే అంచులన్నీ నిటారుగా తవ్వి, రాయి పరిచి, నడక దారి వేసి, లైట్లు పెట్టడం అయింది. నీటి పిట్టల్లో సగం పిట్టలకు కావాల్సింది చీలమండ లోతు బురద. నిటారు గట్టు వేస్తే వాటికి నిలబడే చోటు ఉండదు. మీ ఊళ్ళో పూడిక తీస్తుంటే ఎదురు చెప్పకండి, ఒక వైపు మాత్రం వాలుగా, లోతు లేకుండా వదిలేయమని అడగండి. ఒక్క వైపు చాలు.

ఇక్కడ మొక్కలు నాటే వాళ్ళకూ పని ఉంది, చూడండి నేను ఎంత న్యాయంగా ఉన్నానో. చిలమత్తూరు మండలం వీరాపురం. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఎర్రకాళ్ళ కొంగలు, పెయింటెడ్ స్టార్క్ అంటారు, ఏటా చలికాలం చివర్లో వస్తాయి. ఊరి మధ్యలో, ఇళ్ళ పక్కన చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. వానాకాలం దాకా ఉండి, పిల్లలతో వెళ్ళిపోతాయి. రెట్టల కంపు, చేపల కంపు, రాత్రంతా ముక్కుల చప్పుడు. ఆ ఊరివాళ్ళు ఆ చెట్లు కొట్టరు, ఆ పిట్టల్ని తరమరు. పడిపోయిన పిల్లల్ని చేరదీస్తారు. ఎవరూ వాళ్ళకు ట్రైనింగ్ ఇవ్వలేదు. అయితే ఆ చింతచెట్లు ముసలివి అవుతున్నాయి, కూలుతున్నాయి. ఇప్పుడు నాటిన చింత గూడు మోయడానికి పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో పడుతుంది. అక్కడ నాటాలి, మేకల నుంచి కాపాడాలి, అది కూడా ఆ ఊరివాళ్ళు ఎక్కడంటే అక్కడ. ఎక్కడ చెట్టు కావాలో ఎక్కడ అక్కర్లేదో, అక్కడ ఉండే జీవాన్ని బట్టి ఉంటుంది.

చివరి పని, లెక్కపెట్టడం. అందరికీ చాలా చప్పగా ఉంటుంది ఇది. ఒక చెరువు ఎంచుకోండి. సింగనమల చెరువో, బుక్కరాయసముద్రం చెరువో, మీ ఊరి కుంటో. నెలకు ఒకసారి, అదే చోట, పొద్దున అదే సమయానికి నిలబడి, ఏ పిట్టలు ఎన్ని అని రాయండి. 1987 నుంచి ఆసియా అంతటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతోంది, చేసేవాళ్ళంతా మీలాంటి వాలంటీర్లే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు కాలేజీ ఆవరణల్లో పిట్టల లెక్క కూడా చేస్తారు. ఈబర్డ్ యాప్‌లో ఎక్కించవచ్చు, లేదా నోటుబుక్కులో రాసి నా మొహాన కొట్టండి, నేను ఎక్కిస్తాను. ఏమీ కనిపించని రోజు ఏమీ కనిపించలేదని రాయాలి. రోళ్ళపాడులో బట్టమేకపిట్ట తగ్గిపోతోందని ఎట్లా తెలిసింది? ఉన్నప్పుడు ఎవరో లెక్క రాశారు కాబట్టి. మన అనంతపురం చెరువుల్లో ఇరవై ఏళ్ళ కింద ఎన్ని బాతులు దిగేవో చెప్పమంటే, అప్పట్లో చాలా ఉండేవి సార్ అంటారు. చాలా అంటే ఎన్ని? ఆ 'చాలా' పట్టుకుని కలెక్టరు ముందుకు పోలేం.

(ఒక విద్యార్థి ప్రశ్న: వారానికి ఒక రోజు కూడా ఖాళీ దొరకనివాళ్ళు ఏం చేయాలి?)

నెలకు రెండు గంటలు దొరుకుతాయా? చెరువు లెక్క తీసుకో. అది కూడా కష్టమంటే మీ నాయనతో కూర్చుని బావుల జాబితా రాయి, ఆయనకు అన్నీ తెలిసే ఉంటాయి, ఇల్లు కదలక్కర్లేదు. ఏడాదిలో ఒకే రోజు వచ్చి హడావుడి చేసేవాళ్ళు పదిమంది కన్నా, నెలనెలా రెండు గంటలు వచ్చేవాళ్ళు ఒక్కరు నాకు చాలు.

(మరొక ప్రశ్న: సర్టిఫికెట్ ఇస్తారా సార్?)

ఇస్తారమ్మా, తప్పకుండా ఇస్తారు, ప్రిన్సిపాల్ గారు తల ఊపుతున్నారు చూడు. (నవ్వులు) అడగడంలో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. కాకపోతే నీ నోటుబుక్కులో పన్నెండు నెలల లెక్క ఉంటేనే సంతకం పెట్టమని నేను ఆయనకు చెబుతున్నాను.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి చెరువు తూము దగ్గర కలుద్దాం. తెల్ల చొక్కాలు, మెరిసే చొక్కాలు వద్దు, మట్టి రంగువి వేసుకోండి. టోపీ, నీళ్ళు, నోటుబుక్కు, పెన్ను కాదు పెన్సిలు, మంచుకు పెన్ను సరిగా రాయదు. బైనాక్యులర్లు మూడున్నాయి, వంతులేసుకుందాం. పాటలు పెట్టుకునే స్పీకరు ఎవరైనా తెస్తే దాన్ని తూములో వేస్తాను. టిఫిన్ తొమ్మిదింటికి, ఆ ఏర్పాటు నాది కాదు, హాస్టల్ వార్డెన్ గారిది, ఉగ్గాని బజ్జీ అని చెప్పారు. పేర్లు బయట టేబుల్ దగ్గర రాయించి పోండి. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మీ బస్సు టైము కూడా రాయండి, దాన్ని బట్టి ముందుగా వదిలేస్తాం.